ప్రమోషన్ ఇసుక

మా పెళ్ళినాటికి ఆ గోడ ఎత్తు ఏడడుగులు. పెళ్ళయిన నెలకి ఎనిమిదయింది. మొన్న ప్లంబరు గారు పంపు బాగుచెయ్యడానికి వచ్చినప్పుడు తొమ్మిది దాటింది. ఈ లెక్కన మాకు పిల్లలు పుట్టేసరికి దాని మీద మబ్బులు ఆరేసుకోవచ్చు.

గోడ సైనిక శిక్షణ కేంద్రం మైదానంలో ఉంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చి, రెండు చేతులతో అంచు అందుకుని, ఒంటిని పైకి లాక్కుని అవతలికి దూకాలి. మా మామయ్యగారు అక్కడ ఇరవయ్యారేళ్ళు శిక్షకుడిగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు అదే మైదానంలో, మెడలో ఈల వేసుకుని మా ఆయన చేస్తున్నారు. గోడ మాత్రం మా ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర, మామయ్యగారి మాటల్లో పెరుగుతోంది.

"ఇప్పటివాళ్ళది శిక్షణా? సెలవులకి మేనత్త ఇంటికొచ్చినట్టు వస్తున్నారు," అంటారు మామయ్యగారు. "మా రోజుల్లో పొద్దున్నే లేచామా లేదా అని అడిగేవాళ్ళే కాదు. పరుగు పెడుతుండగా మెలకువ వచ్చేది."

"అవును నాన్నా," అంటారు మా ఆయన. ఆ రెండు మాటలు ఆయన ఎంత ముద్దుగా అంటారంటే, నాకు వాటి కోసమే ఇంకో ముద్ద తినాలనిపిస్తుంది.

"ఇప్పుడు ప్రమోషన్లు కూడా అంతే. అడిగినవాడికి అడిగినంత. మా రోజుల్లో ప్రమోషన్ అంటే..."

"మీ రోజులు పక్కన పెట్టి ఆ గిన్నె ఇటు జరపండి," అంటారు అత్తయ్యగారు.

ఈ ఏడు ప్రమోషన్ వరస మా ఆయనదే. అది వస్తే పై ర్యాంకుతో పాటు రెండు గదుల క్వార్టర్స్ ఇస్తారు. రాకపోతే పాత పద్ధతే. వారమంతా బారక్‌లో పడక, శనివారం సాయంత్రం ఇంటికి, సోమవారం తెల్లారకముందే మళ్ళీ బస్సు. అంటే నాకు వారానికి ఒకటిన్నర రోజులు భర్త, మిగతా అయిదున్నర రోజులు ఫోటో. ఫోటో బాగానే ఉంటుంది గానీ, టీ ఇస్తే తాగదు.

ప్రమోషన్‌కి రెండు షరతులు. మొదటిది ఫోనులో రాసే 'నాయకత్వ లక్షణాలు' పరీక్ష. ఒక ఆదివారం ఆయన బూట్లకి పాలిష్ పెట్టుకుంటూ నన్ను ప్రశ్నలు చదవమన్నారు.

"మీ కింద పనిచేసేవారు బాగా అలిసిపోతే మీరేం చేస్తారు?"

"ఇంకో రౌండు కొట్టిస్తా."

నేను 'వారి సమస్యలను సానుభూతితో వింటాను' అన్నదాని మీద నొక్కాను. పదకొండు నిమిషాల్లో తొంభై నాలుగు మార్కులు వచ్చాయి. చదువుకున్న పెళ్ళాం ఊరికే పోదు. న్యాయంగా చూస్తే రేపు శత్రువు వస్తే సైన్యాన్ని నడిపించాల్సింది నేనే. స్టవ్ కట్టేసి వస్తానని చెబుతాను.

రెండో షరతు, ఆయన బ్యాచిలోని నలభై మందిలో ముప్పై ఆరుగురు చివరి పరీక్ష, అంటే ఆ గోడ దాటడం, పాసవ్వాలి. దాని గురించి బెంగే లేదు. ఆరేళ్ళుగా ఆ మైదానంలో తప్పినవాడు లేడు. చివరికి 'దూది' అని పేరు పడ్డ కుర్రాడు కూడా, వాడి చెయ్యి పట్టుకుంటే ఎముక ఎక్కడుందో వెతుక్కోవాలి, గోడ దాటేస్తున్నాడు.

అందుకే పరీక్ష ఎనిమిది రోజులుందనగా, శనివారం మధ్యాహ్నం, క్వార్టర్స్ చూడ్డానికి వెళ్ళాం. గుమాస్తా గారు అరగంట కోసం తాళంచెవి ఇచ్చారు. రెండు గదులు. వంటగదికి కిటికీ! కుళాయి తిప్పితే ముందు దగ్గింది, తర్వాత తుమ్మింది, ఆ తర్వాత నీళ్ళిచ్చింది. దానికి అప్పుడే మా ఇంటి మనిషి లక్షణాలు వచ్చేశాయి. నేను కర్టెన్ల కోసం టేపు తీసుకెళ్ళి కిటికీలు కొలిచాను. కొలవడం అయిపోయాక తలుపు కొలిచాను. అదీ అయిపోయాక మా ఆయన భుజాలు కొలిచాను.

తిరిగి వస్తూ మైదానానికి అడ్డం పడి నడిచాం. అక్కడుంది గోడ.

"ఇదేనా తొమ్మిదడుగులది?"

"ఆరడుగులు," అన్నారాయన నవ్వుతూ. "నాన్న రోజుల్లోనూ ఆరే. రికార్డులో ఉంది."

"మరి అవతల స్టోరు తాత సైకిలు తుడుచుకుంటున్నాడు. మనకెలా కనిపిస్తున్నాడండీ?"

నేను అయిదడుగుల రెండంగుళాలు. పెళ్ళయ్యాక ఒళ్ళు చేస్తారని విన్నాను గానీ, పొడవు పెరుగుతారని ఎవరూ చెప్పలేదు. ఆయన నవ్వు సగంలో ఆగింది. నా చేతిలోంచి టేపు తీసుకుని కొలిచారు. నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. మళ్ళీ కొలిచారు. టేపుకి సిగ్గు లేదు, మళ్ళీ అదే చెప్పింది.

రోజూ చూసే గోడ కదా, తెలియదా అని మీరు అడగొచ్చు. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు? పైగా మా ఆయన ఆరడుగుల మనిషి, ఆయనకి అన్ని గోడలూ ఒకటే.

స్టోరు తాత, ముప్పై ఏళ్ళుగా కేంద్రంలో సామాను చూసే మనిషి, సైకిలు నడిపించుకుంటూ ఇటు వచ్చాడు.

"తాతా, ఈ గోడ ఎవరు కోశారు?"

"గోడనెవరు ముట్టుకుంటారు బాబూ? నేల పెరిగింది." తాత కాలితో నేలని తట్టి చూపించాడు. "ప్రమోషన్ వరస వచ్చిన మాస్టారు ఆ ఏడు ఒక బండో రెండు బళ్ళో ఇసుక పోయించుకుంటారు. ఎక్కలేక వెనక్కి పడే పిల్లలకి దెబ్బ తగలకూడదని. కాయితం మీద అదే రాస్తాం. పోసి దిమ్మిసతో కొట్టేస్తాం. రెండు వానలు పడితే గడ్డి కూడా మొలుస్తుంది. మామూలేగా! ఈ ఏడు మీరే కదా, ఎన్ని బళ్ళు చెప్పమంటారు? ఒకటితో సరిపెట్టుకోండి. రెండేస్తే గోడ కాస్తా గడప అయిపోతుంది."

మా ఆయన టేపు చుట్టడం మొదలుపెట్టారు. తాత ఆయన్ని ఓదార్చాలనుకున్నాడు కాబోలు, "ఇప్పటికి ఆరుగురు మాస్టార్లు పైకెళ్ళారు బాబూ, అందరూ ఇలాగే," అన్నాడు.

"మొదటి బండి ఎవరిది?"

తాత సైకిలు గంట అటూ ఇటూ తిప్పాడు. "పెద్దవాళ్ళ సంగతి నాకెందుకు? అయినా ఆయనవి రెండు బళ్ళు."

ఆ సాయంత్రం మేము ఇంటికి చేరేసరికి మామయ్యగారు గుమ్మంలోనే ఉన్నారు. "చూశావా అమ్మాయ్ మన గోడ?"

"చూశానండీ మామయ్యగారూ. దాని అవతల కూడా చూశాను."

మా ఆయన చెప్పులు విప్పుతూ, "నాన్నా, రెండు బళ్ళట," అన్నారు. అంతే.

మామయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచారు. "అది... పిల్లలు పడుతుంటే మోకాళ్ళు పగిలేవిరా. సానుభూతితో..."

నాకు పొలమారింది. ఆ జవాబుకి ఎన్ని మార్కులో నాకు తెలుసు.

"ఏ మోకాళ్ళు? ప్రమోషన్ వచ్చిన రోజున ఈయన నడిచి రాలేదురా, తేలుతూ వచ్చారు," అన్నారు అత్తయ్యగారు లోపల్నుంచి. "మరీ అంత తేలిగ్గా ఎలా ఉన్నారా అనుకున్నాను. బరువంతా అక్కడ దింపి వచ్చారన్నమాట."

ఆ పూట బల్ల దగ్గర గోడ ఒక్క అంగుళం కూడా పెరగలేదు.

గదిలోకి వెళ్ళాక మా ఆయన, "తవ్వించేస్తాను," అన్నారు.

నిజం చెబుతాను, ఆ క్షణంలో ఆ ఇసుక అంటే నాకు పుట్టింటి మట్టి మీద కూడా లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. "మీరు పొయ్యలేదు కదండీ. ఉన్నదాన్ని ఉండనివ్వండి. ఎనిమిది రోజులు ఓపిక పడితే ప్రమోషన్ వస్తుంది. వచ్చాక నిదానంగా తవ్వుకోండి. కావాలంటే నేనూ ఒక చెయ్యి వేస్తాను."

"ఆ ఆరుగురూ అలాగే అనుకుని ఉంటారు."

"అనుకుంటే ఏం? ఆరుగురికీ క్వార్టర్స్‌లో పెళ్ళాలతో కాపురం దక్కింది."

ఆయన మంచం అంచున కూర్చున్నారు. "రేపు మా దూదిగాడి వెనక ఎవడో తుపాకీ పట్టుకుని తరుముతుంటే, ముందు నిజం గోడ ఉంటే, అక్కడ ఇసుక ఎవడు పోస్తాడే?"

ఈ ప్రశ్న ఫోను పరీక్షలో రాలేదు. నేను అటు తిరిగి పడుకున్నాను. ఉన్న ఒకటిన్నర రోజుల్లో అర రోజు ఆ అలకకే ఖర్చయింది.

సోమవారం ఆయన కేంద్రం పెద్ద మేజరు గారి దగ్గరికి వెళ్ళారట, ఆ రాత్రి ఫోనులో మా అందరికీ చెప్పారు. మేజరు గారు అంతా విని, "ఏమయ్యా, గోడ ఆరడుగులు ఉండాలని నిబంధన. ఉంది. నేల ఎక్కడ ఉండాలో నిబంధనలో లేదు," అన్నారట. "నలభైకి నలభై వచ్చే బ్యాచిని చేజేతులా చెడగొట్టుకుంటానంటే నీ ఇష్టం. తవ్వినట్టు మాత్రం ఎక్కడా రాయకు. పోసిందెవరని అడుగుతారు."

మర్నాడు పొద్దున్నే మామయ్యగారు పెరట్లోంచి పార తీసుకుని బస్సెక్కారు. ఆయన నడుము సంగతి తెలిసిన అత్తయ్యగారు నన్ను కూడా వెంట పంపారు. మేము వెళ్ళేసరికి నలభై మంది కుర్రాళ్ళు గోడ కింద తవ్వుతున్నారు.

"మీరెందుకు నాన్నా?"

"నా రెండు బళ్ళు నేను తీసుకుంటాను. నువ్వు తప్పుకో."

కానీ ఆయన బళ్ళు అందరికంటే అడుగున ఉన్నాయి. పైన ఉన్న అయిదుగురి ఇసుక తీస్తే గాని ఆయనది దొరకదు. పాపం, ఒక్కొక్క పారకి ఒక్కొక్కరిని పేరు పెట్టి తిట్టుకుంటూ తవ్వారు. తన ఇసుక దగ్గరికి వచ్చాక మాత్రం నోరు మూసుకున్నారు. మధ్యాహ్నానికి గోడ ఆరడుగులయింది. కింది పదహారంగుళాలకి ఎండే తగల్లేదు. ఎప్పుడూ ప్యాంటులో ఉండే కాళ్ళలా తెల్లగా బయటపడింది.

ఆ సాయంత్రం నలభై మందిలో తొమ్మిది మంది దాటారు. దూది పరుగెత్తుకొచ్చి బల్లిలా అతుక్కున్నాడు గానీ, బల్లికున్న విద్య లేక నిదానంగా కిందికి జారాడు.

"మాస్టారూ, గోడ పొడుగైందండీ!"

"లేదు. నువ్వు పొట్టివాడివయ్యావు. మళ్ళీ పరిగెత్తు."

మిగిలిన రోజుల్లో మా ఆయన గొంతు పోయింది, కుర్రాళ్ళ అరచేతుల్లో చర్మం పోయింది. పరీక్ష రోజున ఇరవై రెండు మంది దాటారు. పద్దెనిమిది మంది తప్పారు. పక్క మైదానం మాస్టారి బ్యాచిలో నలభైకి నలభై. అక్కడ ఉన్నదాన్ని గోడ అనడం మన మర్యాద.

పదిహేను రోజులకి ప్రమోషన్ బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. మా ఆయన పైకే చదివారు. "నాయకత్వ లక్షణాలు, అత్యుత్తమం." నేను తలొంచుకుని వినయంగా స్వీకరించాను. "అయితే, ఈ శిక్షకుని హయాంలో శిక్షణ ప్రమాణాలు గణనీయంగా దిగజారినందున, పదోన్నతిని మూడేళ్ళ పాటు పరిశీలించలేము."

ప్రమాణాలు దిగజారాయని ఈ ఇంట్లో రోజుకి రెండు పూటలా వినేదాన్ని. ఇప్పుడు ముద్ర వేసి మరీ పంపారు. మామయ్యగారు పొంగిపోవాలి. ఆయన మాత్రం కుర్చీ వెనక్కి తన్ని లేచారు.

"ఎవడ్రా దిగజారాయన్నది? వాణ్ణి వచ్చి ఆ గోడెక్కమను! అమ్మాయ్, కాయితం తీసుకురా. నేను చెబుతాను, నువ్వు రాయి."

నాలుగు పేజీలు రాశాం. బోర్డు నుంచి రెండే ముక్కల జవాబొచ్చింది. 'అందినది. పరిశీలించబడినది.' క్వార్టర్స్ పక్క మైదానం మాస్టారికి వెళ్ళాయి. నా కిటికీ, నా కుళాయి, అన్నీ. రెండు రోజులు ఏడ్చాను. ఇసుక తవ్వినందుకు ఆయన మీద, కొలిచినందుకు నా మీద, కొలతలు కనిపెట్టినవాడి మీద, అందరి మీదా సమానంగా కోపమొచ్చింది.

పోనీ కథ అక్కడితో ఆగిందా? తప్పినవాళ్ళు మూడు నెలల్లోపు మళ్ళీ పరీక్షకి నిలబడొచ్చని నిబంధన. వాళ్ళకి వారంలో తీరిక దొరికేది ఆదివారం ఒక్కటే. "మాస్టారూ, ఆదివారం వస్తారా?" అని ఆ పద్దెనిమిది మందీ బారక్ గుమ్మంలో నిలబడ్డారట. వస్తానన్నారు మా ఆయన. వారానికి ఒకటిన్నర రోజులున్న నా మొగుడు, శనివారం సాయంత్రం మాత్రం మిగిలాడు.

అలాగా అని నేనూ ఆదివారం బస్సెక్కాను. ఫోటోతో కాపురం చేసే ఓపిక నాకు లేదు. ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్ళి, గోడ పక్కన కూర్చుని, ఎవరు దాటారో రాయడం మొదలుపెట్టాను. మామయ్యగారు కూడా వచ్చి, కుర్రాళ్ళ మోచేతులు ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నారు. మొదటి ఆదివారం ముగ్గురు దాటారు. రెండో ఆదివారం అయిదుగురు. మా ఆయన ఈల వేసి, నా పక్కన కూలబడి, నా కప్పులోంచే టీ తాగి, మళ్ళీ లేచి వెళ్ళేవారు. చెమట వాసనతో సహా ఆయన బాగుంటారు. ఈ సంగతి ఫోటోలో తెలియదు.

మూడో ఆదివారం పదకొండు గంటలకి దూది పరుగు మొదలుపెట్టాడు. అంచు అందుకున్నాడు. కాళ్ళు గాల్లో సైకిలు తొక్కాయి. మామయ్యగారు "మోచెయ్యి! మోచెయ్యిరా!" అని అరిచారు. మోచెయ్యి పైకి వెళ్ళింది, దాని వెనకే పొట్ట, ఆ వెనక ఒక కాలు. ఉన్నట్టుండి వాడు గోడ మీద కూర్చుని ఉన్నాడు. తను అక్కడికెలా వచ్చాడో వాడికే తెలియదు.

"మాస్టారూ!" అన్నాడు ఒగరుస్తూ. "ఇక్కణ్ణుంచి క్వార్టర్స్ కనబడుతున్నాయండీ!"

 మా ఆయన నా వైపు చూశారు. నేను పెన్ను మూత తీశాను.

"అటు చూడకు," అన్నారు మా ఆయన. "దూకు."