కమానుకు జానెడు పైన

1938 మార్చి 14, సోమవారం ఉదయం పదకొండు గంటలకు గుణుపురంలో పెట్టబోయే బియ్యం మిల్లు బాయిలరు నౌపడా స్టేషనులో ఆగిపోయింది.

అక్కడిదాకా పెద్ద రైల్లో వచ్చింది. అక్కడి నుంచి గుణుపురానికి చిన్న రైలే దిక్కు. చిన్న రైల్లో ఏ సరుకు ఎక్కించినా యార్డులోని ఇనప కమాను కింది నుంచి పోవాలి. కమానుకు తగిలినది దారిలో వంతెనలకూ తగులుతుంది. బాయిలరు జానెడు ఎత్తు ఎక్కువైంది.

దాన్ని కొన్న రైతుల తరఫున వచ్చినవాడు గున్నయ్య. కమాను కింద నిలబడి పైకి చూశాడు. బాయిలరు కొనేముందు గుణుపురంలో చిన్న రైలు పెట్టెను పలుపుతో కొలిచింది అతనే. పొడవుకొక ముడి, వెడల్పుకొక ముడి వేశాడు. నలభై ఏళ్లు ఎడ్లబండి తోలినవాడు. బండి మీద గడ్డి ఎంత ఎత్తు వేసినా అడిగేవాడు లేడు. మూడో ముడి వెయ్యాలని తట్టలేదు.

"మీద బుడిపి ఊడదీసెయ్యలేవేటి?" అని వెంట వచ్చిన తాతారావు మేస్త్రిని అడిగాడు.

"రివిట్లు కొట్టీసున్నాయి బావూ. అది ఊడితే బాయిలరు కాదు, ఎడ్లు నీల్లు తాగే గోలెం."

గూడ్సు గుమస్తా యార్డు బయట రావిచెట్టు పక్కకు దించుకోమన్నాడు. దించారు.

గున్నయ్య రోడ్డు దారి ఆలోచించాడు. పదహారు ఎడ్లు కుదిర్చాడు. కానీ గెడ్డల మీది కల్వర్టులు ఆ బరువు ఆపుతాయని ఇంజినీరు రాసివ్వాలి. ఒరిస్సా వేరుపడి రెండేళ్లు. దారి కొంత మద్రాసుది, కొంత ఒరిస్సాది. ఒకవైపు కాయితం పదిహేను రోజుల్లో వచ్చింది. రెండోవైపు ఇంజినీరు దొర క్యాంపులో ఉన్నాడన్నారు. నాలుగుసార్లు వెళ్తే నాలుగుసార్లూ క్యాంపే. జూన్‌లో గెడ్డలు పొంగాయి.

మిల్లుకు స్థలం ఇచ్చింది గున్నయ్య భార్య పుణ్యవతి. పుట్టింటివాళ్లు ఇచ్చిన పొలంలోని కళ్లం అది. అక్కడ పునాది నడుం ఎత్తు లేచి ఆగింది.

"నా కల్లం తవ్వించీసినావు. మిల్లు ఏదీ, మావా?"

"వస్తాదే."

"ఏటొస్తాది? నువ్వెల్తన్నావు, నువ్వొస్తన్నావు. చిన్న రైలుకైనా అలుపున్నాది గానీ నీకు నేదు."

"కోతలనాటికి..."

"కోతలనాటికి నూర్పెక్కడ సెయ్యమంటావు, నీ నెత్తిమీదా?"

గున్నయ్య చెప్పులు వేసుకుని ఐదోసారి బయల్దేరాడు. దొర క్యాంపు నుంచి రాలేదు.

ఆగస్టులో నౌపడా వర్తకుడొకడు గుణుపురం వచ్చాడు. బాయిలరు ఉన్నచోటే మిల్లు పెడతానన్నాడు. ధాన్యం చిన్న రైల్లో పంపమన్నాడు. రైతులు మూడు రోజులు కూర్చుని మాట్లాడుకున్నారు.

"మన ధాన్యం అక్కడికెల్లి, బియ్యమై మల్లీ ఇక్కడికి రావాలేటి?" అన్నాడు గున్నయ్య.

"మరేటి సేస్తాం?" అన్నాడు వాటాదారు కన్నయ్య. "నీ బాయిలరు ఇటు రాదు. ధాన్యం బస్తా అటెల్తాది. కమానుకి తగల్దు కూడాను."

ఎవరో నవ్వారు. గున్నయ్య నడుముకున్న పలుపు విప్పి కింద పడేశాడు. మూడో రోజు సాయంత్రం వర్తకుడి ఒప్పందం కాయితం మీద అందరితోపాటు అతనూ వేలిముద్ర వేశాడు.

డిసెంబరు 19న గుణుపురం నుంచి అరవై బస్తాల ధాన్యం చిన్న రైల్లో నౌపడా మిల్లుకు వెళ్లింది. పుణ్యవతి ఆ ఏడు నూర్పు ఆడపడుచు కళ్లంలో చేసింది.