పెట్టెకు కంఠతా వచ్చిన చిరునామా

మధ్యాహ్నం మూడు దాటాక మా గదిలో మాటలు సద్దుమణుగుతాయి. పరదాల సందుల్లోంచి వచ్చిన వెలుతురు నేల మీద నీళ్లలా కదులుతుంది. యంత్రాల సన్నని హోరులో కూర్చుంటే, నీటి అడుగున ఉన్నట్టుంటుంది.

మాది పుస్తకాలు చదివి వినిపించే గ్రంథాలయం. చూపు లేనివాళ్లు కింది అంతస్తులో కూర్చుని, పెట్టెల మీద మీటలు నొక్కుకుంటూ వింటారు. ఆ పెట్టెకు కావలసిన పనులు వేరే వేరే యంత్రాల్లో జరుగుతాయి. ఒక్కో పని చేసే ప్రోగ్రామును సర్వీసు అంటాం. ఒక సర్వీసు చదివిన గొంతును పంపుతుంది, ఇంకొకటి వినేవాళ్లు పెట్టుకున్న గుర్తులను దాస్తుంది. ఏదైనా ఎప్పుడైనా వేరే యంత్రానికి మారొచ్చు. కొత్త యంత్రంలో కళ్లు తెరవగానే, ఎవరెక్కడున్నారో రాసుకునే రిజిస్ట్రీకి తన పేరూ చిరునామా చెప్పుకుంటుంది. ఆ తర్వాత అరనిమిషానికోసారి "ఉన్నాను" అంటుంది. మూడుసార్లు పలకకపోతే రిజిస్ట్రీ దాని పేరు కొట్టేస్తుంది. పెట్టె ముందు రిజిస్ట్రీ దగ్గరకొచ్చి "గుర్తులు ఎక్కడ?" అని అడిగి, అప్పుడు అక్కడికి వెళుతుంది. ఆ రిజిస్ట్రీని చూసుకోవడమే నా పని.

"మన రిజిస్ట్రీ పెళ్లిళ్ల పేరయ్యే. ఇల్లు చూపిస్తుంది గానీ కాపురం చెయ్యదు" అంటుంది, నాకు పని నేర్పిన అక్క.

ఆ రోజు ఆవిడ టీ గ్లాసుతో నా కుర్చీ వెనక్కి వచ్చింది.

"ఈ పాత గుర్తుల సర్వీసు ఇంకా బతికే ఉందేమిటే? కొత్తది వచ్చి ఏడాదైంది. ఐదింటికి ఆ యంత్రాన్ని తుడిచేస్తారు. పేరు తీసెయ్."

"ఎవరైనా వాడుతున్నారేమో అక్కా?"

"తొంభై రోజులుగా దాని చిరునామా అడిగిన నాథుడు లేడు. నువ్వే చూడు."

చూశాను. నిజంగానే సున్నా. అయినా చెయ్యి కదల్లేదు. పాత యంత్రంలోకే వెళ్లి, వచ్చిపోయేవాళ్ల లాగ్ తెరిచాను. రోజూ మూడూ పదికి ఒక పెట్టె వస్తోంది. ఎవరినీ అడగకుండా, చీకట్లో సొంత ఇంటి గడప తెలిసినట్టు తిన్నగా వస్తోంది.

పెట్టె నంబరు చూడగానే గుర్తుపట్టాను.

అది కింద మూలనున్న పెట్టె. రెండేళ్ల క్రితం, నేను చేరిన కొత్తలో, ఒకరోజు రిజిస్ట్రీ మొరాయించింది. రోజూ వచ్చే దర్జీ తాతగారూ, ఆయన భార్య మామ్మగారూ కుర్చీల్లో ఎదురుచూస్తున్నారు. ఈ ఒక్క పూటకే కదా అని, గుర్తుల చిరునామాను ఆ పెట్టె ప్రోగ్రాములోనే రాసేశాను. తర్వాత తీసెయ్యడం మరిచిపోయాను. మిగతా పెట్టెలన్నీ అడిగి తెలుసుకుని కొత్త చోటికి మారాయి. ఇది మాత్రం నేను నేర్పిన పాఠమే వల్లె వేస్తోంది.

తాతగారికి చూపు లేదు. మామ్మగారికి గొంతు ఆపరేషనయ్యాక మాట లేదు. అంతకు ముందెప్పుడో ఆవిడ మా కోసం ఒక పెద్ద నవల చదివి రికార్డు చేశారు, ఓడ ప్రయాణం కథ. రోజూ ఇద్దరూ వచ్చి దాన్నే వింటారు. పనికొచ్చే వాక్యం వినబడగానే మామ్మగారు గుర్తు పెడతారు. తర్వాత ఆ గుర్తు నొక్కితే, ఆ వాక్యం ఆవిడ పాత గొంతుతో పలుకుతుంది. "ఆకలేస్తోందా?" పన్నెండో అధ్యాయంలోది. "నీకేం తెలుసు, ఊరుకో" ఓడ కెప్టెన్ భార్యది. అది రోజుకు నాలుగైదుసార్లు వినబడుతుంది. అలాంటివి రెండు వందల పదమూడు. ఐదింటికి అవి చెరిగిపోతే, ఆయనతో చెప్పడానికి ఆవిడకు ఒక్క మాటా మిగలదు.

"అక్కా, తప్పు నాదే" అని అంతా చెప్పేశాను.

గ్లాసు ఆవిడ పెదవుల దగ్గరే ఆగింది. "పెట్టెకు చిరునామా కంఠతా పట్టించావా! పైగా గప్‌చుప్‌గా! ఆ సున్నా చూసి నేను నిశ్చింతగా ఊడ్పించేసేదాన్ని కదే!" కాసేపు నుదురు రుద్దుకుంది. "తుడిచేవాళ్లు మన మాట వినరు. తిట్లు రేపు. ముందు ఆ గుర్తులు కొత్తదానికి ఎక్కించు. ఎక్కించేటప్పుడు ఏమీ నొక్కొద్దని వాళ్లకు చెప్పు."

కంగారులో గుర్తులు ముందు ఎక్కించి, చెప్పడానికి తర్వాత దిగాను.

కింద గది నిండా మామ్మగారి గొంతే. ఓడ ఎక్కడో పొగమంచులో ఉంది. ఆవిడ వేలు అప్పుడే మీట మీంచి లేస్తోంది. నా తప్పు చెప్పి, క్షమించమన్నాను.

తాతగారు నవ్వారు. "తాత్కాలికమని వేసిన టాకా కుట్లు విప్పకుండా చొక్కా ఇచ్చేశావన్నమాట. మా వృత్తిలోనూ ఉందిలే ఈ జబ్బు."

పెట్టె విప్పి, ప్రోగ్రాములోంచి రెండేళ్లనాటి ఆ చిరునామా వరుసను తీసేసరికి చాలా సేపు పట్టింది. ఫోనులో అక్క గొంతు, "పెట్టె రిజిస్ట్రీని అడిగింది! కొత్త చోటికి వెళ్లింది!" అంది. మామ్మగారు మీట నొక్కారు.

"నీకేం తెలుసు, ఊరుకో."

"ఇదొక్కటీ పోయినా బాగుండేది" అన్నారు తాతగారు.

ఆవిడ ఒక్కొక్కటీ నొక్కుతూ పోయి, చివర ఆగారు. ఒక వేలు ఎత్తి చూపించారు. ఒకటి లేదు. నేను కిందికి వచ్చేసరికి ఆవిడ పెడుతున్న గుర్తు పాత యంత్రానికే వెళ్లింది. గడియారం చూశాను. ఐదు దాటింది.

"ఏ వాక్యం తాతగారూ?"

"నేనప్పుడు కునుకు తీస్తున్నానమ్మా."

మామ్మగారు నా అరచేతిలో వేలితో రాశారు: వింటే తెలుస్తుంది.

అధ్యాయం మొదటి నుంచి పెట్టాను. వాళ్ల పక్కన కూర్చున్నాను. ఓడ మళ్లీ పొగమంచులోకి వెళ్లింది. గంటలు దూరంగా మోగాయి, ఎవరో తాడు లాగారు, ఎవరో ఎవరి కోసమో దీపం పట్టుకున్నారు. గది గోడలు మెల్లగా ఊగుతున్నట్టు అనిపించింది. ఎంతసేపు విన్నామో తెలియదు.

ఆవిడ వేలు చటుక్కున మీటను నొక్కింది. తర్వాత ఆ గుర్తును పలికించడానికి ఇంకోసారి నొక్కింది.

"ఆ కిటికీ కాస్త వేసెయ్, చలిగాలి కొడుతోంది."

తాతగారు తల ఎత్తారు. "చలేస్తోందా? అప్పట్నుంచీనా?"

నేను లేచి కిటికీ మూశాను.