బొమ్మ కట్టిన చీర

నేను ఒక బొమ్మని. గుళ్లోదాన్ని కాదు, గాజు తలుపు వెనకదాన్ని. ఇప్పుడు గోడౌనులో నిలబడి చెబుతున్నాను, వినేవాళ్లు వినండి.

తెనాలి బట్టల బజారులో నన్ను లారీలోంచి దించుతూ హమాలీ "ఇదేంటన్నా, మనిషా?" అన్నాడు. డ్రైవరు బిల్లు చూసి "మానిక్విన్" అన్నాడు. హమాలీ చెవికి అది మాణిక్యంలా వినపడింది. "మాణిక్యం వచ్చిందండోయ్!" అని వాడు పెట్టిన కేకకి కొట్టు యజమాని శోభనాచలం గారు వజ్రాల వ్యాపారిలా పరుగెత్తుకొచ్చి, గోనెపట్టాలోంచి బయటికొచ్చిన నా పాదాలు చూసి నీరసపడిపోయారు. పేరు మాత్రం అతుక్కుపోయింది.

అంతకుముందు ఊరి బయట ఒక రేకుల షెడ్డులో అచ్చులోంచి ఊడిపడ్డాను. గాజుపీచు, జిగురు, పైన రంగు. అంతే నేను. ప్రాణం లేదు గనక ప్రాణభయం లేదు. మనసు లేదు గనక మనస్తాపం లేదు. మనుషులు దెబ్బలు తిని తిని మొద్దుబారిపోతారట. నేను మొద్దుగానే పుట్టాను. బారే శ్రమ తప్పింది.

నాకు చీర కట్టే పని సామ్రాజ్యానిది. పేరుకి సామ్రాజ్యమే గానీ సింహాసనం మాట అటుంచి, పని వేళల్లో స్టూలు మీద కూర్చోడానికి కూడా వీల్లేదు, కొట్టు రూలు. పొద్దస్తమానం పట్టుచీరలు పరిచి చూపించే మనిషి ఒంటి మీద మాత్రం కొట్టువాళ్లిచ్చిన నీలం పాలిస్టరు. నా చీర మార్చాల్సి వచ్చినప్పుడల్లా ముందు నా చుట్టూ ఓ దుప్పటి అడ్డం కట్టి, గుమాస్తాలతో "కాస్త అటు తిరగండి బాబూ" అనేది.

"బొమ్మకి సిగ్గేంటి పిన్నిగారూ!" అని వాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు.

"దానికి లేకపోతే మీకుండాలి కదరా."

నాకేం అనిపించలేదు.

బట్టల కొట్లలో ఒక ఆనవాయితీ ఉంది. బొమ్మ కట్టిన చీర ఎవరూ అడగరు. లైట్ల వేడికి రంగు దిగుతుంది, పిన్నులకి చిల్లులు పడతాయి. అందుకని నా ఒంటి మీంచి దిగిన చీర కొట్లో పనిచేసేవాళ్లకే సగం ధరకి పోతుంది.

శ్రావణంలో ఓ రోజు సామ్రాజ్యం కూతురు నాగమల్లి, కడుపుతో ఉన్న పిల్ల, తల్లికి క్యారేజీ తెచ్చింది. బల్ల మీద మామిడిపండు రంగు పట్టుచీర పరిచి ఉంది. "ఎంత బావుందే అమ్మా!" అంది. అంతకన్నా ఏమీ అడగలేదు. దసరా వెళ్లాక ఆ పిల్లకి సీమంతం. పుట్టింటి చీర తల్లి పెట్టాలి. ఆ చీర పూర్తి ధరకి కొనే తాహతు సామ్రాజ్యానికి లేదు. అందుకని ఇంకెవరూ కొనకుండా తెలివిగా నా ఒంటి మీద దాచింది.

"పండగయ్యాక ఇది నాకివ్వాలి బాబుగారూ."

"బొమ్మ కట్టిన చీరేగా, తీసుకో తల్లీ" అన్నారు శోభనాచలం గారు.

ఇంతలో ఎదురు కొట్టువాళ్లు దసరాకని గుమ్మం ముందు ప్లైవుడ్ గోపురం లేపారు. మా యజమానికి అన్నం సయించలేదు. మర్నాడే నా వీపుకి ఇంకో జత చేతులు తీగతో బిగించారు. నెత్తిన కిరీటం, కాళ్ల కింద థర్మాకోల్ తామర, అరచేతిలోంచి రాలుతున్నట్టు డిస్కౌంటు కూపన్లు. ప్రదర్శనలో ఉన్నదాన్ని దర్శనంలో పెట్టారు. అమ్మేవారికి అమ్మవారు దొరికింది. చీర మాత్రం అదే, మామిడిపండు రంగుది.

జనం చెప్పులు బయట విడిచి రావడం మొదలెట్టారు. "హుండీ ఎక్కడ నాయనా?" అని ఓ ముసలాయన అడిగితే గుమాస్తా క్యాష్ కౌంటరు చూపించాడు. అబద్ధం ఆడాడని నేననను.

సామ్రాజ్యం తెలివి ఇక్కడే తిరగబడింది. బొమ్మ కట్టిన చీరకి విలువ తగ్గుతుంది. అమ్మవారు కట్టిన చీరకి పెరుగుతుంది. గుళ్లో అయితే పండగయ్యాక ఆ చీరలు వేలం వేస్తారు, పాడుకున్నవాళ్లు కళ్లకద్దుకుని తీసుకెళతారు. రైస్ మిల్లు సుభద్రమ్మ గారు నా ముందు కొబ్బరికాయ కొట్టి, "అమ్మవారి చీర నాకే కావాలి, ఎంతైనా సరే" అన్నారు. "అదెలా కుదురుతుందండీ, పాట పెట్టండి" అన్నాడు పక్కనున్న నగల కొట్టాయన. యజమాని కళ్లు నా కిరీటం కన్నా ఎక్కువ మెరిశాయి.

"బాబుగారూ, అది మా పిల్లకి..."

"నీకు ఇంకో బొమ్మ చీర ఇస్తాలేవమ్మా. అమ్మవారి చీర అమ్మనంటే కళ్లు పోవూ!"

విజయదశమి పొద్దున వేలం. సుభద్రమ్మ గారికీ నగల కొట్టాయనకీ పంతం పెరిగింది. తల్లి దాచిపెట్టిన తన చీర చూసుకుందామని వచ్చిన నాగమల్లి, సంగతేమిటో తెలీక జనం మధ్య నిలబడిపోయింది. కూతురి మొహం చూసింది సామ్రాజ్యం. ఏనాడూ కూర్చోని స్టూలు లాక్కుని దాని మీద నిలబడింది.

"ఆగండమ్మా! ఇది అమ్మవారు కాదు. పూజారి వచ్చిందీ లేదు, ప్రాణప్రతిష్ఠ జరిగిందీ లేదు. ఇవిగో చేతులు!" వెనక జత ఊడబీకి చూపించింది. "మేమే తీగతో కట్టాం. ఇది చీరలు కట్టి నిలబెట్టే బొమ్మ. దీని పేరు మాణిక్యమూ కాదు. హమాలీకి సరిగ్గా వినపడక అలా పిలిచాడు, మేమూ అలాగే పిలిచాం. భుజం మీద చూడండి, వెలిసిపోయింది. ఈ చీర మా పిల్ల సీమంతానికి. ఎవరూ కొనకూడదని దీని ఒంటి మీద పెట్టాను. బాబుగారు దీన్ని లక్ష్మిని చేస్తారని నాకేం తెలుసు?"

దేవుళ్లూ వెలుస్తారు, రంగులూ వెలుస్తాయి. నాకు రెండూ ఒకే భుజాన జరిగాయి.

సుభద్రమ్మ గారు కళ్లజోడు పెట్టుకుని, భుజం చూసి, పిన్నుల చిల్లులు తడిమి చెయ్యి దులుపుకున్నారు. "బొమ్మ కట్టిన చీరా! మరి నా కొబ్బరికాయ?"

"పచ్చడి చేసేశామండీ" అన్నాడు గుమాస్తా.

నగల కొట్టాయన చెప్పులు వెతుక్కున్నాడు. ఇంకెవరైనా పాడతారేమోనని శోభనాచలం గారు నలువైపులా చూసి, మైకు కట్టేశారు. "తీసుకుపో. సగం ధరే. రేపట్నుంచి మాత్రం రానక్కర్లేదు."

"అలాగే బాబుగారూ" అంది సామ్రాజ్యం. స్టూలు దిగి దుప్పటి తెచ్చి నా చుట్టూ పట్టుకుంది. రెండో కొస నాగమల్లి అందుకుంది.

"కాస్త అటు తిరగండి."

నేను బొమ్మనని అప్పుడే అందరికీ విడమరిచి చెప్పింది ఆవిడ. అయినా అందరూ అటు తిరిగారు. శోభనాచలం గారు కూడా.

నాకేం అనిపించలేదు.