చివరి తెల్ల ఆడచేప

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున మంచం మీద పడుకోబెట్టబోతే తవిల్ ఎడమచేత్తో గుమ్మం పట్టుకుని వదల్లేదు. పెరట్లో ఉన్న చేపల షెడ్డు వైపు చూస్తూ "కాదు, కాదు" అన్నాడు.

పక్షవాతం వచ్చాక అతని నోట మిగిలిన మాట అదొక్కటే. నీళ్లు కావాలన్నా కాదు, చాలన్నా కాదు. ఆకలేసినా, కోపమొచ్చినా, పెళ్లాం తల దువ్వుతుంటే హాయిగా కళ్లు మూసుకున్నా అదే మాట. బుర్రలో అన్నీ ఉన్నాయి, నోటిదాకా వచ్చే దారి తెగిపోయింది అన్నాడు డాక్టరు. రాతా పోయింది. ఎడమచేతికి పెన్సిలిస్తే నాలుగు వంకర గీతలు గీసి, వాటిని చూసి తనే మొహం పక్కకు తిప్పేసుకున్నాడు.

లమై రెండు రోజులు ఏదో ఒకటి చెప్పి షెడ్డు సంగతి దాటేసింది. మూడోరోజు అతను గంజి ముట్టలేదు. చెంచా నోటి దగ్గరికి తెస్తే పళ్లు బిగించాడు. ఇక తప్పక చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకెళ్లింది.

షెడ్డు నిండా చెక్క అరలు. అరల నిండా పలక సీసాలు, ఒకదానికి ఇంకోటి కనిపించకుండా మధ్య అట్టముక్కలు. తవిల్ పెంచేది పోరుచేపల్ని. వాటిలో మగవి ఒకదాన్నొకటి చూస్తే చాలు, గాజుకేసి కొట్టుకుని చస్తాయి. అందుకే ఆ అట్టలు. ఇప్పుడు పై అరలో రెండు తప్ప సీసాలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. తవిల్ ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. ఆమె వైపు తిరిగాడు.

"జబ్బు తగిలిందయ్యా," అంది లమై. "మనం అక్కడ ఉండగా తగిలింది. ఎవరేం చేయగలరు?"

అది అబద్ధం. ఆసుపత్రిలో ఉన్న పదోనాడు ఇంటికొచ్చి షెడ్డులోకి తొంగిచూసింది. పెళ్లైన ఇరవై రెండేళ్లలో ఆమె అక్కడికి వెళ్లిందల్లా మొగుణ్ణి భోజనానికి పిలవడానికే. సీసాల్లో నీళ్లు డికాక్షన్‌లా ఉన్నాయి. అడుగున బాదం ఆకులు నానిపోయి నల్లబడి ఉన్నాయి. నోరులేని జీవాలు, చూసే దిక్కులేక మురికిలో పడున్నాయి అనుకుంది. చేపల్ని బకెట్లలోకి వంచి, సీసాలన్నీ సబ్బు పెట్టి తోమి, కుళాయి నీళ్లు పట్టి మళ్లీ అందులో వేసింది. సాయంత్రానికి నడుం విరిగిపోయింది. అయినా తళతళలాడే సీసాల్లో తెల్లటి చేపల్ని చూసుకుని, అతను లేచి వచ్చి చూస్తే ఎంత సంతోషిస్తాడో అనుకుంది. తెల్లారి చూస్తే అన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. నూటికి పైగా. పొద్దెక్కకుండా, ఎవరూ చూడకుండా, అరటిబోదె పక్కన గొయ్యి తీసి పూడ్చేసింది.

మిగిలినవి మూడే. చెయ్యందని పై అరలో రెండు మగవి, వెనక గోడ దగ్గర మూతపెట్టిన మట్టి జాడీలో ఒక ఆడది.

ఆ చేపలు ఆ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేవు. పాలలాంటి ఒళ్లు, తోక అంచున మాత్రం కాటుకతో దిద్దినట్టు సన్నటి గీత. మగవాటిని తవిల్ అమ్మేవాడు, బ్యాంకాక్ నుంచి మనుషులొచ్చి పట్టుకెళ్లేవారు. ఆడచేపను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. కాలవ అవతల ఉండే ప్రనోమ్ అతని దగ్గరే పని నేర్చుకున్న మనిషి. ఆమె ఏళ్ల తరబడి అడిగింది. అతను నవ్వేసి ఊరుకునేవాడు.

ఆ ప్రనోమ్ దగ్గరికే వెళ్లింది లమై.

"ఆడదీ మగదీ ఉన్నాయి కదా. పిల్లలు చేయించాలంటే ఏం చెయ్యాలే?"

ప్రనోమ్ తొట్టిలో ఎర్ర నీటిపురుగుల్ని వలతో దేవుతోంది. తలెత్తి చూసింది. "నువ్వా? పంపరపనస కాయలకు కాగితాలు చుట్టేదానివి నీకెందుకక్కా ఇదంతా?"

"ఆయన తిండి మానేశాడే."

ప్రనోమ్ చేతులు తుడుచుకుంది. "ఒక్క ఆడచేప ఇవ్వన్నా అని మీ ఆయన్ని బతిమాలాను. ఆరోజు ఇచ్చుంటే ఈరోజు నా తొట్టి నిండా ఉండేవి, సగం నీకిచ్చేదాన్ని. ఇవ్వలేదుగా మహానుభావుడు." అంతలోనే మెత్తబడింది. "సరేలే. వారం రోజులు దోమపురుగులు వేసి బాగా మేపు. కుళాయి నీళ్లు పొయ్యకు, అందులో మందు కలుపుతారు, చంపేస్తాయి. వాననీళ్లు పొయ్యి, బాదం ఆకు వెయ్యి, ఆ నల్లనీళ్లే వాటికి మందు."

లమై తల వంచుకుని వింది. కుళాయి నీళ్ల మాట దగ్గర ఆమె చెవులు వేడెక్కాయి.

వారం తర్వాత కుర్చీని తొట్టి పక్కన ఆపి, మగచేపను అందులో వదిలింది. ఆడచేపను గిన్నెతో ముంచి తెచ్చింది. తవిల్ "కాదు! కాదు!" అని అరిచాడు. లమైకి ఆ మాట అప్పటికే ఇంట్లో గడియారం చప్పుడులా అయిపోయింది. "ఉండవయ్యా, చేస్తున్నాగా," అంటూ తొట్టిలోకి వంచేసింది.

మగది బాణంలా వచ్చింది. ఒక్క క్షణంలో ఆడదాని రెక్కలు పీలికలయ్యాయి. లమై గిన్నె ముంచేది ఒకచోట, చేపలు ఉండేది ఇంకోచోట. చివరికి చేత్తోనే పట్టి తీసింది. తవిల్ కుర్చీ చేతిని ఎడమచేత్తో బాదుతూనే ఉన్నాడు. ఈసారి కాదంటే నిజంగానే కాదని ఆమెకు అప్పుడు తెలిసింది.

సాయంత్రం ప్రనోమ్ వచ్చి నెత్తి కొట్టుకుంది. "ముందు గాజుగ్లాసులో పెట్టి చూపించాలక్కా! మగాడు నీటిమీద బుడగలతో గూడు కడతాడు. కట్టేదాకా చూపించడమే, అప్పగించకూడదు. మా అన్న మాత్రం నిన్ను ఇల్లూ వాకిలీ లేకుండానే తెచ్చుకున్నాడేంటి?"

"పూరిపాకలోకే తెచ్చాడు," అంది లమై. ప్రనోమ్ నవ్వింది. తవిల్ నవ్వాడో లేదో తెలియలేదు. అతని మొహంలో సగం కదలదు.

రెక్కలు మొలవడానికి నెల పట్టింది. రెండోసారి చెప్పినట్టే చేసింది. మగది రెండు రోజులు బుడగలు ఊది నురగలాంటి గూడు కట్టింది. లమై ఆడదాన్ని వదిలింది. రెండూ గూటికింద చుట్టుకున్నాయి. తెల్లటి గుడ్లు ఆవగింజలకన్నా చిన్నవి, కిందికి రాలుతుంటే మగది ఒక్కొక్కటే నోట పట్టి గూట్లో పెట్టింది. లమై మోకాళ్లమీద కూర్చుని నోరు తెరుచుకుని చూసింది. తవిల్ కూడా వంగి చూస్తున్నాడు. పక్షవాతం వచ్చాక అతను అంతసేపు దేన్నీ చూడలేదు.

"ఇదేనా నువ్వు రోజంతా ఇక్కడ చూస్తూ కూర్చునేది? నన్నొకసారైనా పిలిచావా?" అందామె.

అతను "కాదు" అన్నాడు, చిన్న గొంతుతో. తర్వాత ఎడమచెయ్యి ఎత్తి ఆడచేప వైపు చూపించి, పక్కకు ఊపాడు. అది బాగుందని చెబుతున్నాడనుకుంది లమై. తల ఊపి, అతని చెయ్యి నిమిరి, వంటకు లేచి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆడది గూటికింద తిరుగుతోంది. గూట్లో ఒక్క గుడ్డు లేదు. గుడ్లు పెట్టగానే ఆడదాన్ని తీసెయ్యాలి, లేకపోతే తన గుడ్లు తనే తింటుంది. అతను చూపించింది అదే.

కుర్చీలో తవిల్ కళ్లు మూసుకుని ఉన్నాడు. అతను లేచి రెండడుగులు వేసి వల వెయ్యగలిగితే చాలు. తన కళ్లముందే ఆ చేప గుడ్లన్నీ తినేదాకా, ఒక్కడూ ఆ ఒక్క మాటనే ఎన్నిసార్లు అరిచి ఉంటాడో! వంటింట్లో నూనె చిటపటలో ఆమెకు వినపడలేదు.

మూడోసారికి జనవరి వచ్చింది. గాలిలో చలి. ఆడది బక్కచిక్కింది, ఇదే ఆఖరి కాన్పు అంది ప్రనోమ్. లమై పంపరపనస తోటలో పని మానేసి తొట్టి దగ్గరే కూర్చుంది. గుడ్లు పెట్టగానే ఆడదాన్ని తీసింది. పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చి, గూటినుంచి తోకలు వేలాడేసి, నాలుగోరోజుకు అడ్డంగా ఈదసాగాక మగదాన్ని తీసింది. కనురెప్ప వెంట్రుకల్లా ఉన్నాయి, వందల్లో. ఆడచేప ఆ వారంలోనే చచ్చిపోయింది. పోతేపోయింది, ఇన్ని పిల్లల్ని ఇచ్చి పోయింది అనుకుంది లమై.

ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన గుడ్డలో కట్టి పిండి వెయ్యమంది ప్రనోమ్. పసిపిల్లలు, ఆకలికి ఏడ్వలేవు కూడా, అనుకుని కాస్త ఎక్కువే పిండింది. మధ్యాహ్నానికి నీళ్లు పాలల్లా తెల్లబడి కంపు కొట్టాయి. చలికి వణుకుతూ చెంచాతో కదిలేవాటినల్లా ఏరి వేరే తొట్టిలో వేసింది. రాత్రి అయ్యేసరికి ఏరడానికి ఏమీ లేవు. బతికినవి పదకొండు.

ఆ పదకొండింటినీ ఆమె ఎలా సాకిందో ప్రనోమ్ ఊరంతా చెప్పుకుని నవ్వింది. చలికి తొట్టిమీద దుప్పటి కప్పేది. పొద్దున్నే బౌద్ధ భిక్షువులకు అన్నం పెట్టి, దండం పెట్టేటప్పుడు మొగుడి పేరుతోపాటు చేపలనూ కలిపేది. తవిల్ మళ్లీ గంజి తాగుతున్నాడు. రోజూ పొద్దున కుర్చీ తొట్టి దగ్గరికి తొయ్యకపోతే ఊరుకోడు. పిల్లలకు తెల్లరంగు తిరిగింది. తోక అంచున గీత కూడా కనిపించిన రోజు అతను ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఏప్రిల్లో వచ్చే కొత్త సంవత్సరం పండగ సాంగ్‌క్రాన్‌కి రెండు రోజుల ముందు ప్రనోమ్ వచ్చింది. ఒక్కొక్క చేపనే గ్లాసులోకి తీసి వెలుగుకెత్తి చూసింది. ఆడదైతే కడుపు కింద పొడుచుకొచ్చిన తెల్లచుక్క ఉంటుంది. ఐదోదాని దాకా కబుర్లు చెబుతూ చూసింది. పదకొండోదాన్ని రెండుసార్లు చూసింది.

"అన్నీ మగవే అక్కా."

"సరిగ్గా చూడవే. ఒక్కటైనా..."

"నేను చూసేది రోజూ ఇదే. వీటిని ఇవాళే వేరు చెయ్యి, కొట్టుకుంటాయి. నా దగ్గర ఎర్ర ఆడది ఉంది, మంచిది. కావాలంటే తెచ్చిస్తా. పిల్లలు ఎర్రవో, మచ్చలవో వస్తాయి. ఈ తెలుపు మాత్రం ఇక రాదు. నీకు అబద్ధం చెప్పను."

లమై కుర్చీ దగ్గరికి వెళ్లింది. "ఏమయ్యా, ఎర్రదాన్ని తెమ్మంటావా?"

"కాదు."

"వద్దంటావా?"

"కాదు."

ఆమె మోకాళ్లమీద కూలబడింది. ప్రనోమ్ అక్కడే ఉందన్న స్పృహ కూడా లేకుండా చెప్పేసింది. "జబ్బు కాదయ్యా. నేనే. సబ్బు పెట్టి కడిగాను. కుళాయి నీళ్లు పోశాను. మురికనుకున్నాను. నేనే చంపేశాను అన్నింటినీ."

ప్రనోమ్ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. తవిల్ లమై మొహంలోకి చూశాడు. గొంతులో ఏదో కొండంత మాట కదిలి, బయటికి ఎప్పటిలాగే వచ్చింది.

"కాదు."

నీ తప్పు కాదన్నాడో, నన్ను ముట్టుకోకన్నాడో, ఇది నిజం కాదని చెప్పమన్నాడో ఆమెకు తెలియలేదు. కళ్లలో వెతికింది. అక్కడ నీళ్లున్నాయి, అంతే. చెయ్యి పట్టుకోబోతే ఆ చెయ్యి ముడుచుకుందో, బలం లేక జారిందో అదీ తెలియలేదు.

పండగ రోజు పిల్లలు వీధిలో నీళ్లు చల్లుకుంటుంటే లమై పదకొండు చేపల్నీ పదకొండు సీసాల్లో వేసింది. మధ్యలో అట్టలు పెట్టింది. నీళ్లు సరిగ్గానే పోసింది, ఆకులు సరిగ్గానే వేసింది. ఆ పని ఆమెకు ఇప్పుడు బాగా వచ్చు.

మర్నాటినుంచి తవిల్ షెడ్డుకు వెళ్లాలని మారాం చెయ్యలేదు. టీవీ ముందు కూర్చోబెడితే కూర్చునేవాడు, కిటికీ ముందు కూర్చోబెడితే అక్కడా కూర్చునేవాడు. గంజి పోస్తే మింగేవాడు. వానలు మొదలయ్యేసరికి ఆ ఒక్క మాటా తగ్గిపోయింది. జూన్‌లో లమై మళ్లీ తోటలో కాగితాలు చుట్టే పనికి వెళ్లింది. మధ్యాహ్నం వచ్చి అతనికి అన్నం పెట్టి, చేపలకు దోమపురుగులు వేసి పోయేది.

ఒకరోజు ప్రనోమ్ తోటకే వచ్చింది. షెడ్డులో ఖాళీ సిమెంటు తొట్లు ఊరికే పడున్నాయి కదా, తూటికూర వేసుకుంటాను, ఇస్తావా అని అడిగింది.

"తీసుకుపో," అంది లమై, చేతిలో కాయకు కాగితం చుడుతూ. "మోయడానికి మనుషుల్ని తెచ్చుకో. బరువుంటాయి."

"అన్నని ఒకమాట అడగక్కర్లేదా?"

లమై చుట్టిన కాయను పెట్టెలో పెట్టి ఇంకోటి అందుకుంది.

"ఆదివారం రా," అంది. "నేనింట్లోనే ఉంటాను."