శారమ్మ వీపు కాచుకునే గోడ

బోధన్‌లో కరెంటు పని తనకు వచ్చినంతగా ఇంకెవరికీ రాదని దాసు నమ్మకం. ఆ నమ్మకాన్ని మనసులో పెట్టుకుని ఊరుకుంటే బాగుండేది. చాయ్ తాగిన ప్రతి చోటా చెప్పేవాడు. మూడేళ్ల కింద సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు వైర్లన్నీ గోడల లోపల పైపుల్లోనే వేశాడు. ఒక్క తీగ కనబడితే చూపించండని వచ్చినవాళ్లందరినీ సతాయించేవాడు.

ఆ ఇంట్లో అతని తల్లి శారమ్మకు అన్నిటికన్నా నచ్చింది తూర్పు గోడ. చలికాలం పొద్దున్నే ప్రార్థన చేసుకుని, ఆ గోడకు వీపు ఆనించి కూర్చునేది. నడుము నొప్పికి కాపడం పెట్టినంత హాయిగా ఉండేది.

"నా కొడుకు కట్టిన గోడ సలికాలం సుత సల్లబడది" అని వాడకట్టంతా చెప్పుకునేది. బయట ఎండ తగిలి వెచ్చబడుతుందిలే అనుకుని దాసు పట్టించుకోలేదు.

2007 డిసెంబరులో, చక్కెర ఫ్యాక్టరీలో కరెంటు పెట్టెలు పరీక్ష చేయడానికి హైదరాబాదు నుంచి రామస్వామి అనే ఇంజనీరు వచ్చాడు. అతని దగ్గర వేడిని ఫొటో తీసే కెమెరా ఉంది. అందులో చల్లనిది నీలంగా, వెచ్చనిది పసుప్పచ్చగా, బాగా కాలేది తెల్లగా కనబడుతుంది. మూడు రోజులు అతనికి సాయంగా తిరిగిన దాసు, నాలుగో రోజు పొద్దున్నే అతన్ని చాయ్‌కి ఇంటికి తీసుకొచ్చాడు. చాయ్ ఒక సాకు.

"మా ఇల్లు సూడుండ్రి సార్. ఒక్క తప్పు దొరికితే సగం మీసం తీసేసుకుంట."

రామస్వామి నవ్వి కెమెరా తిప్పాడు. గోడకు ఆనుకున్న శారమ్మ తెర మీద పసుప్పచ్చగా వెలిగింది. తనను తాను చూసుకుని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇగ లే అవ్వా, సార్ గోడ సూస్తడు."

ఆమె లేచింది. ఆమె వీపు ముద్ర గోడ మీద పసుప్పచ్చగా మిగిలింది. దాని నడుమ పిడికిలంత తెల్ల మచ్చ ఉంది.

"గా మచ్చ మా అవ్వ కూసున్న వేడి సార్."

"మనిషి వేడైతే నిమిషంలో పోతుంది. చూద్దాం" అన్నాడు రామస్వామి.

ముద్ర మెల్లగా నీలంలో కలిసిపోయింది. మచ్చ మాత్రం కదల్లేదు. పైగా ఇంకా తెల్లబడింది.

"బయట ఎండ..." అంటూ దాసు వాకిట్లోకి ఉరికాడు. మంచు కమ్ముకుని ఉంది. బయటి గోడ మీద చెయ్యి పెడితే తడి తగిలింది.

"ఇప్పుడు ఇంట్లో ఏం నడుస్తోంది?" రామస్వామి లోపల్నుంచి అరిచాడు.

"గీజరు సార్. మా ఆమె తానం..."

మాట అక్కడే ఆగిపోయింది. గీజరు వైరు పోయింది ఆ గోడలోంచే. దాసు పరుగున వచ్చి మెయిన్ స్విచ్ ఆపేశాడు. సబ్బు మొహంతో ఉన్న అతని భార్య విమలమ్మ స్నానాల గదిలోంచి తిట్టడం మొదలుపెట్టింది.

ఉలి పెట్టి కొట్టగానే సిమెంటు పెచ్చులుగా రాలింది. లోపల పైపు కరిగి ముద్దయింది. వైరు నల్లగా కాలిపోయి, రెండు ముక్కలు మెలిపెట్టి కట్టిన చోట టేపు బూడిదైంది. ఆ మెలిక దాసుదే. ఆనాడు ఆదివారం, దుకాణాలు బంద్, రెండు బారల వైరు తక్కువపడింది. మేస్త్రీ తొందరపెడుతున్నాడు. మిగిలిపోయిన ముక్క ఒకటి అతికించి, పైపులోకి తోసేశాడు. ఇదే పని వేరేవాళ్లు చేస్తే బూతులు తిట్టేవాడు.

"ఇంకో నెల అయితే గోడ అంటుకునేది. లేదా ముసలామెకు షాక్ కొట్టేది" అన్నాడు రామస్వామి.

దాసుకు భయం కన్నా సిగ్గు ఎక్కువైంది. తల్లి మొహంలోకి చూడలేకపోయాడు. శారమ్మ తన నడుము మీద చెయ్యి వేసుకుని, కాలిన వైరు వైపు చాలాసేపు చూసింది.

"గిట్ల ఇంకెన్ని ఇండ్లల్ల చేసినవ్ బిడ్డా?"

"ఎక్కడ చెయ్యలేదవ్వా. ఒట్టు."

ఆమె అలాగే చూస్తూ నిలబడింది.

"మూడిండ్లల్ల" అన్నాడు దాసు చివరికి. "హన్మవ్వోళ్ల ఇల్లు ఒకటి. ఆమె కోడలు మొన్ననే కన్నది. నేను సాయంత్రం పోయి చెప్త."

శారమ్మ గోడ పట్టుకోకుండానే గడప దాకా నడిచి, చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"ఇప్పుడే పోదాం పా. నువ్వొక్కనివే పోతే చెప్పవ్."