బాలనర్సింహ వాయించని సోలో

ప్రతి ఆదివారం రశ్మి, ఆమె స్నేహితులు తమకిష్టమైన గిటార్ సోలోలను ఫోన్ గ్రూపులో పెట్టుకుని పోట్లాడుకునేవాళ్ళు. రాక్ పాటలో మాటలు ఆగి, గిటార్ ఒక్కటే ముందుకొచ్చి మాట్లాడే ఆ నిమిషం కోసమే పాట మొత్తం ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఒకసారి ఆమె తండ్రిని కూడా అడిగింది. అమరనాథ్ నయాపూల్ దగ్గర కాగితం హోల్‌సేల్ వ్యాపారి. కాలేజీ రోజుల్లో బ్యాండులో పాడుతూ రిథమ్ గిటార్ వాయించేవాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తడనీ తెలుసు.

"నాకిష్టమైన సోలో క్యాసెట్ల లేదు బిడ్డా," అన్నాడాయన. "దాని జాగ మాత్రం ఉన్నది."

ఆ రోజు మొదటిసారి చెప్పాడు. బ్యాండులో ముగ్గురే. పాటా, రిథమూ అమరనాథ్‌వి. డ్రమ్స్ మురళివి. సోలోలు మురళి అన్న బాలనర్సింహవి. హుస్సేనీ ఆలంలో అన్నదమ్ములిద్దరిదీ పాడి కుటుంబం. బర్రెల కొట్టం పైగదిలో ముగ్గురూ సాధన చేసేవారు. తొంభై ఏడులో సొంతంగా కట్టుకున్న ఒకే ఒక్క పాటను ఒక చిన్న స్టూడియోలో రికార్డు చేశారు. సోలో మర్నాడు చేద్దామని, దానికోసం పాట చివర నిమిషంన్నర ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో డ్రమ్సూ, ఒకే కార్డ్ మీద, ఒకే స్వరాల గుత్తి మీద తిరిగే అమరనాథ్ గిటారూ తప్ప ఏమీ లేవు. మర్నాడు తెల్లారి పాలు పోయడానికి వెళ్ళిన బాలనర్సింహను గుడిమల్కాపూర్ మలుపులో లారీ గుద్దింది. పాట అక్కడే ఆగిపోయింది.

రశ్మి ఆ క్యాసెట్‌ను బీరువాలోంచి తీయించి, కంప్యూటర్లోకి ఎక్కించుకుంది. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం దుకాణానికి వచ్చి, ఇయర్‌ఫోన్ తండ్రి చెవిలో పెట్టింది.

"ఉన్నది గద డాడీ. లేదని ఎందుకు చెప్పినవ్?"

తన పడుచు గొంతు వినపడగానే అమరనాథ్‌కు కొంచెం సిగ్గేసింది. చరణాలు అయిపోయాయి. ఖాళీ రావలసిన చోట, మూసిన తలుపు అవతల నుంచి వస్తున్నట్టు ఒక గిటార్ మొదలైంది. మూడో స్వరానికే ఆయన పోల్చుకున్నాడు. చిన్నప్పుడు గడ్డి కోసే మిషన్‌లో బాలనర్సింహ ఎడమచేతి ఉంగరపు వేలు తెగింది. మానిన చోట కాయకట్టి మొద్దుబారింది. అందుకే తీగను లాగి పైస్వరం అందుకునేటప్పుడు అతను పిసరంత ఆలస్యంగా చేరేవాడు. ఆ ఆలస్యం ఇంకెవరి చేతికీ లేదు. అమరనాథ్ ఇయర్‌ఫోన్ తీసేశాడు. రికార్డింగ్ తర్వాత ఎవరో దాన్ని కలిపి ఉంటారని కూతురికి చెప్పాడు గానీ, ఆ క్యాసెట్ ఇన్నేళ్ళూ తన బీరువా దాటలేదని ఆయనకు తెలుసు.

సాయంత్రం ఇద్దరూ మళ్ళీ విన్నారు. ఈసారి గిటార్ ముందే మొదలైంది. రెండో చరణం చివరి మాటల మీదుగా వచ్చి వాటిని కప్పేసింది. రశ్మి నిడివి చూసింది. పాట అంతే ఉంది, ఒక్క సెకను కూడా పెరగలేదు. మర్నాడు వింటే రెండో చరణమే లేదు. నాలుగోసారికి అమరనాథ్ గొంతు పూర్తిగా పోయింది. అడుగున ఎక్కడో సన్నగా ఆయన గిటార్, మురళి డ్రమ్స్, వాటి మీద ఆగకుండా ఆ సోలో. రశ్మి స్నేహితురాలు స్రవ్య మొదట మెచ్చుకుంది, సగంలోనే ఇయర్‌ఫోన్లు తీసేసింది. వింటుంటే ఊపిరాడడం లేదంది.

రశ్మి ల్యాప్‌టాప్ మూసి తండ్రి ముందు పెట్టింది. "ఇగ నేను వినను డాడీ. మనం వింటున్నమని తెలిసే వాయిస్తున్నట్టున్నది."

మర్నాడు మధ్యాహ్నం అమరనాథ్ కూతుర్నీ, ఇన్నేళ్ళూ కవరు కూడా విప్పని పాత గిటార్‌నూ వెంటబెట్టుకుని హుస్సేనీ ఆలం వెళ్ళాడు. ఆ గుమ్మం తొక్కి ఇరవై ఏళ్ళు దాటింది. ముందు భాగంలో మురళి పాల దుకాణం, వెనక ఇంకా నాలుగు బర్రెలు. మెట్ల అడుగున దారికడ్డంగా, గోడకు ఆనుకుని మురళి వాళ్ళమ్మ బాలమ్మ ఎల్లిగడ్డ రెబ్బల పొట్టు తీస్తోంది. ఎనభై దాటింది, చెవులు పూర్తిగా పోయి పదేళ్ళయింది. అమరనాథ్‌ను గుర్తుపట్టి చెంపలు నిమిరింది.

పైగదిలో మురళి పాట విన్నాడు. తెలియకుండానే తొడ మీద తాళం వేసి, కాసేపటికి ఆపేశాడు.

"అన్ననే," అన్నాడు. "గని ప్రాక్టీసుల వాయించింది గిది కాదు. గప్పుడు ముగింపు దొరకలేదు గద, స్టూడియోల దొరుకుతదంటుండె. ఇంకా ఎతుకుతనే ఉన్నడు. పైకి పోయినంక ఎక్కడ దిగాల్నో అన్నకు తెలుస్తలేదు."

అమరనాథ్ అప్పుడు, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది చెప్పాడు. ఆ రోజు స్టూడియోలో ఇంకో గంట సమయం ఉంది. బాలనర్సింహ గిటార్ సవరించుకుని సిద్ధంగా కూర్చున్నాడు. ఇంట్లో ఏదో ఫంక్షనుందని అమరనాథే లేచాడు.

"రేపు చూద్దాం తియ్యి అంటి నేను, మురళీ. ఆడు వాయిస్తనన్నడు. నేనే రేపన్న."

"నాకు ఎర్కనే అమరన్నా," అన్నాడు మురళి. "ఇంటికొచ్చి అన్న చెప్పిండు. కోపం జెయ్యలే. నవ్విండు."

అతను లేచి మూలనున్న గోనెసంచులు తీసి, వాటి కింది డ్రమ్స్ దుమ్ము తుడిచాడు. అమరనాథ్ తీగలు సవరించుకున్నాడు. రశ్మి ల్యాప్‌టాప్‌కు స్పీకర్ తగిలించి పాట పెట్టింది. ఇద్దరూ దానితోపాటు వాయించసాగారు. వేళ్ళు మొదట మొరాయించి, తర్వాత దారికొచ్చాయి. సోలో వాళ్ళ మీదుగా పైకి పోయింది, వంగింది, మళ్ళీ పైకి పోయింది.

అంతలో కరెంటు పోయింది. పంకా ఆగింది. స్పీకర్ మీది ఎర్ర దీపం ఆరిపోయింది.

సోలో ఆగలేదు.

రశ్మి ల్యాప్‌టాప్ కూడా మూసేసి, గోడ దాకా వెనక్కి జరిగింది. గిటార్ శబ్దం ఇప్పుడు గదిలోంచే వస్తోంది, కిటికీ పక్క నుంచి, ఒకప్పుడు బాలనర్సింహ డబ్బా బోర్లించుకుని కూర్చునే చోటు నుంచి. అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు. మురళి కళ్ళు గట్టిగా మూసుకుని తాళం వదలకుండా వాయిస్తున్నాడు. అమరనాథ్‌కు అప్పుడు అర్థమైంది. ఆ రోజు తను ఒకే కార్డ్ మీద తిరిగి వదిలేశాడు. మిగతాది రేపు చూసుకోవచ్చనుకున్నాడు. దిగడానికి మెట్టు వెయ్యవలసింది తనే.

ఆయన కార్డ్ మార్చి, పాట మొదలైన కార్డ్‌కు వచ్చాడు. సోలో బెదిరినట్టు పక్కకు తప్పుకుని ఇంకా పైకి ఎక్కింది. ఆయన మళ్ళీ ఒక చుట్టు తిరిగి, ఈసారి మెల్లగా, కిటికీ వైపు చూస్తూ అదే కార్డ్ పట్టాడు.

"దిగు నర్సింహా," అన్నాడు. "నేనీడనే ఉన్న."

పైస్వరం పిసరంత ఆలస్యంగా అందింది. కాసేపు అక్కడే నిలబడి, మెట్టు మెట్టుగా కిందికి వచ్చి, ఆయన కార్డ్ మీద కూర్చుంది. చాలాసేపు మోగింది. అది తగ్గిపోయాక గదిలో ఈగల చప్పుడు కూడా వినపడింది.

ముగ్గురూ కిందికి వచ్చేసరికి బాలమ్మ మెట్ల దగ్గర లేదు, అవతలి గోడ పక్కకు జరిగి కూర్చుంది. ఎందుకు జరిగావని మురళి సైగ చేసి అడిగాడు.

"గోడకు చెయ్యి ఆనిచ్చుకొని కూసున్న," అంది ఆమె. "ముగ్గురు వాయించిన్రు గద. ఒగడు మీకన్న ముందుగాల్నే దిగొచ్చిండు. తొవ్వ ఇడిసిన."

మురళి బర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు. కరెంటు వచ్చాక రశ్మి ధైర్యం చేసి పాట పెట్టింది. చరణాలు రెండూ, తండ్రి గొంతూ తిరిగి వచ్చాయి. చివర్లో నిమిషంన్నర పాటు డ్రమ్సూ, ఒకే కార్డూ మాత్రమే ఉన్నాయి. ఆమె రెండోసారి వినలేదు.

అమరనాథ్ బాలమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమెకు వినపడదని తెలిసీ, ఆమె చెయ్యి పట్టుకుని, ఆ రోజు స్టూడియోలో తనేమన్నాడో మొదటి నుంచీ చెప్పాడు. బాలమ్మ ఆయన పెదవుల వంక చూస్తూ, రెండో చేత్తో ఒళ్ళోని ఎల్లిగడ్డ పొట్టు ఏరుతూ ఉండిపోయింది.