శాలువా ఉతికిన కోడలు

ఇలా దగ్గరికి జరిగి కూర్చో, నా గొంతు దూరం పోదు. చేతిలో పని ఉంటే ఉండనీ, చెవి ఇటు పడేస్తే చాలు. ఒక కోడలి సంగతి చెబుతాను.

ఊరి చివర, రాళ్ళ గట్టు పక్కన రెండు గదుల ఇల్లు. ఇంటిని ఆనుకునే కొట్టం. అందులో ఒకే ఒక ఆవు. దానికి అత్త పెట్టిన పేరు మొండిది. అత్త చెయ్యి తప్ప మరో చెయ్యి పొదుగు మీద పడనిచ్చేది కాదు. దూడ పుట్టిన వారానికే పోయింది. అయినా అత్త వెళ్ళి పక్కన కూర్చుని నాలుగు తిట్లు తిడితే తప్పేలా నిండేది.

వానలు మొహం చాటేసిన ఏడు అత్త మంచం పట్టింది. పోయేముందు కోడలి చెయ్యి పట్టుకుని, "మొండిదాన్ని అమ్మనివ్వకే" అంది. కోడలు కాపురానికి వచ్చిన ఎనిమిదేళ్ళలో అత్త ఆమెను ఏదైనా అడగడం అదే మొదలు. అంతకుముందు అన్నీ చెప్పడాలే. "అమ్మనివ్వను అత్తయ్యా" అంది కోడలు. ఆ ఒక్క మాటతో ఆ ఇల్లు తనదైనట్టు అనిపించింది ఆమెకు.

అత్త పోయాక ఆవు చేపడం మానేసింది, పొదుగులోకి పాలు వదిలేది కాదు. కోడలు కుడితి పెట్టింది, గంగడోలు నిమిరింది, బతిమాలింది. తప్పేలా అడుగు తడిసేన్ని పాలు దిగేవి, పైగా ఒక తన్ను.

"మేత చూశావా? నెలకి కూడా రాదు," అన్నాడు మొగుడు. అతను వడ్రంగి, మాటలు కొలిచి వాడే మనిషి. "పాలిచ్చేదైతే ఎలాగో సాకుదాం. ఇలాగైతే బేరగాడికి కబురు పెడతాను."

"కొన్నాళ్ళు ఆగయ్యా, నీకు దండం పెడతా."

"నాకెందుకు, దానికి పెట్టు."

ఒకనాటి పొద్దున చలికి వణుకుతూ, మేకుకు వేలాడుతున్న అత్త శాలువా కప్పుకుని కోడలు కొట్టంలోకి వెళ్ళింది. ముదురు ఎరుపు శాలువా, ఏళ్ళ తరబడి చెమట, పొగ, పేడ ఇంకి అట్టకట్టింది. ఆవు మెడ తిప్పి ముట్టె తెచ్చి ఆమె భుజానికి ఆనించింది. కాసేపటికి పాలు తప్పేలాలో జుయ్యిమని పడ్డాయి. చప్పుడైతే బెదురుతుందేమోనని కోడలు నోరు మూసుకుని ఏడ్చింది.

"మా అమ్మ పోయినా దాన్ని అదిలిస్తూనే ఉందన్నమాట," అని నవ్వాడు మొగుడు, తల్లి పోయాక మొదటిసారి. బేరగాడి మాట మళ్ళీ ఎత్తలేదు.

అలా పన్నెండు రోజులు గడిచాయి. అప్పుడు పొరుగూరి నుంచి ఆడపడుచు వచ్చింది. మొగుడికి అక్క, నోరు అచ్చం తల్లిదే.

"అదేంటమ్మాయ్, మా అమ్మ శాలువాని పేడలో పొర్లిస్తున్నావా?"

"ఇది కప్పుకుంటేనే మొండిది చేపుతోంది వదినా."

"ఉతికి కప్పుకుంటే చేపనందా? ఎరుపు ఎక్కడికి పోతుంది? ఆవిడ బతికుంటే ఈ అవతారం చూసి మళ్ళీ మంచం పట్టేది!"

ఆ మాట కోడలికి ముల్లులా దిగింది. ఆవు ఎరుపు చూసే గుర్తుపడుతోందని ఆమె కూడా అనుకుంటోంది మరి. ఆడపడుచు వెళ్ళగానే వేడినీళ్ళు కాచి, సబ్బు పట్టించి, బండ మీద బాది, నీళ్ళు తేటపడేదాకా జాడించి ఎండలో వేసింది. సాయంత్రానికి శాలువా కొత్తదానిలా ఉంది. అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయింది పిచ్చిది.

మర్నాడు ఆవు ఆమె భుజం వాసన చూసింది. ఈ భుజం, ఆ భుజం, వీపు. శాలువా అంచు నోట పట్టి వదిలేసింది. తన్నలేదు, బెదరలేదు. గోడ వైపు తిరిగి నిలబడిపోయింది. తాను ఉతికేసింది మురికిని కాదని అప్పుడు తెలిసింది కోడలికి.

శాలువాని అత్త పరుపు కింద పెట్టింది, పొయ్యి పొగ పట్టించింది, పేడ రాసింది. పొగ పొగలాగే, పేడ పేడలాగే వాసన వేశాయి. మనిషి రాలేదు.

మొగుడు తిట్టలేదు. శాలువా ముక్కు దగ్గర పెట్టుకుని, "నేను కూడా అప్పుడప్పుడూ దీని వాసన చూసుకునేవాణ్ణి," అన్నాడు. తిట్టినా బాగుండేది.

మేత అడుగంటాక బేరగాడు వచ్చాడు. పలుపు పట్టి లాగితే ఆవు కదల్లేదు. మొగుడు వెనక నుంచి తోస్తే కాళ్ళు నిగడదన్నింది.

"పేరు సరిగ్గానే పెట్టారయ్యా దీనికి," అన్నాడు బేరగాడు చెమట తుడుచుకుంటూ. "అమ్మా, నువ్వోసారి పట్టు తల్లీ. నీ వెంటైతే వచ్చేట్టుంది."

కోడలు పలుపు అందుకుంది. లాగలేదు, రెండడుగులు వేసింది. ఆవు ఆమె వెంట నడిచింది. ఒంటి మీద శాలువా లేదు, అత్త వాసన లేదు, ఒట్టి ఆమె. ఆ కుడితికి, ఆ నిమరడానికి మొండిది ఎప్పుడో ఆమె మనిషైపోయింది. ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటే చేపేదేమో. గట్టు దాటాక గాని ఆ సంగతి తట్టలేదు ఆమెకు. వెనక్కి తిప్పితే పెట్టడానికి గడ్డిపోచ లేదు. రోడ్డు దాకా నడిపించింది. తన చేత్తోనే లారీ ఎక్కించింది.

ఇది గుర్తుపెట్టుకో. నీ తర్వాతి వాళ్ళకు చెప్పు. చెప్పేటప్పుడు శాలువా దగ్గర ఆపేసి నవ్వించకు. ఆవు ఆమె వెంట నడిచిందన్న మాట కూడా చెప్పు.